నీళ్ళు, మంచినీళ్ళు

నేను ఇంతవరకు ఏ పరీక్షలోనూ తప్పలేదు. ఈ మాట ఎవరితో అన్నా ఎదురు చెప్పినవాడు లేడు, ఇప్పుడు ఈ చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, చేతిలో సైన్సు ప్రశ్నపత్రం పట్టుకుని మళ్ళీ అంటున్నాను, తప్పలేదు, తప్పను. ఈ బెంచీ చేసిన వడ్రంగికి మాత్రం మనుషులకు తొడలుంటాయన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. గుమ్మం దగ్గర కాపలా మాస్టారు, మీసం ఇంకా మొలవాలా వద్దా అని ఆలోచిస్తున్న వయసువాడు, పిల్లలతో వచ్చినవాళ్ళు గేటు బయటే ఉండాలి తాతగారూ అన్నాడు. నేను హాల్ టికెట్టు తీసి దాని పక్కన నా మొహం పెట్టాను. రెండింటినీ మార్చి మార్చి చూశాడు పాపం, ఫొటోలో ఉన్నవాడికి జుట్టుంది, నాకు లేదు, మిగతాదంతా ఒకటే. ఫొటో పాతదయితే తప్పు నాదా, జుట్టుదా. లోపలికి రాగానే గదంతా చూశాను, ఫ్యాను తిరగాలో వద్దో తేల్చుకోలేక ఊగుతోంది, నల్లబల్ల మీద సగం చెరిపిన కూడిక ఒకటి, జవాబు భాగమే చెరిగిపోయింది, ఎవడి అదృష్టమో. నా వెనక బెంచీలో ఒక దర్జీ ఆవిడ, నాకంటే కొంచెం చిన్నది, అప్పటికే వచ్చి కూర్చుని కలం మూత తీస్తూ పెడుతూ ఉంది. పలకరింపుగా తల ఊపితే మొహం పక్కకు తిప్పుకుంది. పోన్లే, సూదీ దారంతో బతికే మనిషి, చూపు సూటిగా ఉండదు కాబోలు అనుకుని కూర్చున్నాను.

మూలకమనగానేమి, ఉదాహరణ ఇమ్ము. ఇమ్మట. ఇచ్చేదేముంది, సీసం. నేను సీసాన్ని కరిగించాను, పోత పోశాను, గీకాను, సుత్తితో మోదాను, కోపమొచ్చినప్పుడు తిట్టాను కూడా, అది సీసంగా మొదలై సీసంగానే మిగిలింది, నాకు లొంగి ఇంకో రెండుగా విడిపోయిన రోజు లేదు. మూలకమంటే మొండిఘటం అని రాశాను, రాశాక పుస్తకం మాటలు కూడా దాని పక్కన కూర్చోబెట్టాను, మొండిఘటానికి తోడుండాలిగా. మాది బ్యాటరీల కొట్టు. లారీవీ, ట్రాక్టరువీ, కారువీ, చచ్చిందని అందరూ చెయ్యి దులుపుకున్న బ్యాటరీని తెచ్చి మా గుమ్మంలో పడేస్తే, మూత విప్పి, పలకలు పైకి తీసి, పొట్టలో పేరుకున్న బురద కడిగి, విరిగిన పలక చోట కొత్త పలక అతికి, మళ్ళీ ప్రాణం పోసి పంపిస్తాను. ఒకసారి ఒక లారీ బ్యాటరీకి ఎంత గట్టిగా ప్రాణం పోశానంటే, డ్రైవరు హోటల్లో చేతులు కడుక్కుంటుండగా ఆ లారీ తాళంచెవి లేకుండానే లేచి, తనంతట తానే ఇంటికి వెళ్ళిపోయింది. గేరు మార్చిందా అని అడక్కండి, నేను బ్యాటరీ వాణ్ణి, గేర్లు నా శాఖ కాదు. ఆ కొట్టు వెనక గదిలోనే మా కాపురం. నా ప్యాంట్లు ఉతికి ఆరేస్తే యాసిడ్ చుక్కలు పడి చేసిన చిల్లుల్లోంచి ఎండ దూరి గోడ నిండా నక్షత్రాలు పడేవి, ఆకాశం చూడ్డానికి జనం బయటికి వెళతారు, మేం పెరట్లోకి వెళితే సరిపోయేది.

ఆ కొట్టుకే వచ్చింది ముప్పు, అందుకే ఈ బెంచీ. తనిఖీ ఆఫీసరు వచ్చాడు ఒకరోజు, మంచివాడే, కుర్చీ అంచున కూర్చున్నాడు చొక్కా కాలుతుందేమోనని. కొత్త రూలు వచ్చిందట. యాసిడ్ నిల్వ ఉంచే కొట్లో రోజూ కూర్చునేవాళ్ళలో ఒకరైనా పదో తరగతి సైన్సు పాసై ఉండాలట, లైసెన్సు ఆ పాసైన మనిషి పేరు మీదే ఉంటుందట, ఒక్క సైన్సు పేపరు విడిగా రాసి గట్టెక్కినా చాలునట, లేకపోతే కొట్టు మూసెయ్యాలట. ఆయన గుమ్మం దిగీ దిగకముందే మా బావమరిది మెట్లెక్కాడు. వాడు పక్కవీధిలో మూత విప్పక్కర్లేని బ్యాటరీలు అమ్ముతాడు, కొంటారు, వాడతారు, పారేస్తారు, లోపలేముందో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. వాడు పదో తరగతి పాసు. ఎప్పుడూ బావా, నువ్వు అనేవాడు ఆ రోజు బావగారూ, మీరు అన్నాడు. మర్యాద పెరుగుతోందంటే ఇంకేదో తరుగుతోందని నాకు తెలుసు, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. "ఈ వయసులో మీకెందుకు బావగారూ ఈ తిప్పలు. నా సర్టిఫికెట్టుంది. మీ కొట్టు మా కొట్లో విలీనం చేసేద్దాం. మీరు హాయిగా కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి కబుర్లు చెప్పండి." విలీనం. మాట ఎంత మెత్తగా ఉందో చూడండి, వెన్నలో కత్తి దిగినట్టు. సరే చూద్దాంలే అని పంపేశాను. ఆ తర్వాత పుస్తకం తెప్పించి తిరగేస్తే ఆమ్లాల పాఠంలో అదే మాట కనపడింది. గాఢ ఆమ్లాన్ని ఘాటు చచ్చేదాకా నీటిలో కలిపితే వచ్చేది విలీన ఆమ్లమట. అంటే పలచన చెయ్యడం. వాడి నోటి మాటకు పుస్తకం ఇచ్చిన అర్థం చూశాక నాకు రెండో ఆలోచన రాలేదు. పలచబడను. కబుర్లు చెప్పడానికి కుర్చీ నాకు వాడు వెయ్యాలా, నా కొట్లో, నా కుర్చీ.

తర్వాతి ప్రశ్న. గాలి, నీరు, ఇత్తడి, ఉప్పు, గంధకం, వీటిలో మూలకమేది, సమ్మేళనమేది, మిశ్రమమేది. గాలి మిశ్రమం, దాంట్లో ఎవడి గోల వాడిది, మా సందు లాగా. ఇత్తడి కూడా మిశ్రమమే, రాగీ తుత్తునాగం పక్కపక్కన అద్దెకుంటాయి, కాపురం చెయ్యవు. నీరూ ఉప్పూ సమ్మేళనాలు. ఉప్పు సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, నీళ్ళు తగిలితే భగ్గుమనే లోహమొకటి, ముక్కు మండించి ఊపిరి తీసే వాయువొకటి, రెండూ కలిసి మనం అన్నంలో వేసుకునేదైందట, ఇద్దరు దుర్మార్గులకు పుట్టిన బుద్ధిమంతుడన్నమాట. మిశ్రమానికీ సమ్మేళనానికీ భేదము వ్రాయుము అంటే పుస్తకంలో అరపేజీ ఉంది, నేను రెండు ముక్కల్లో తేల్చాను, కలిపితే మిశ్రమం, కలిస్తే సమ్మేళనం. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆవిడ ముందు ఈ మాటంటే నవ్వు ఆపుకుంది, నాకు తెలుసు, పెదవి కొస కదిలింది. సాయంత్రాలు కొట్టు కట్టేశాక పుస్తకం ఆవిడే పట్టుకుని ప్రశ్నలడిగేది, నా కళ్ళకు ఆ అక్షరాలు చీమల్లా పరుగెడతాయి కనుక. అడిగేదే గాని నేను చెప్పింది ఒప్పో తప్పో చెప్పేది కాదు. ఏమే, ఒప్పా అంటే, "నన్ను లాగకండి. అటు తమ్ముడు, ఇటు మీరు. నేను తటస్థం" అనేది. తటమంటే గట్టు, తటస్థమంటే గట్టు మీద నిలబడి, మునిగేవాణ్ణీ ఈదేవాణ్ణీ సమానంగా చూడ్డం. ఆమ్లం క్షారం కలిస్తే తటస్థమవుతాయని పాఠంలో ఉంది, ఉప్పూ నీరూ పుడతాయట, ఊరికే కాదు, గాజు పాత్ర వేడెక్కుతుందట కూడా. మా ఇంట్లో వేడి మాత్రమే పుట్టింది. ఈ రోజు పొద్దున నేను లేచేసరికి ఆవిడ ఇంట్లో లేదు. మొగుడు పరీక్షకు పోతుంటే ఒక మంచి మాట అనాలి కదా, పోనీ ఒక చెడ్డ మాటైనా అనాలి కదా. గట్టు మీదివాళ్ళు పొద్దున్నే వాహ్యాళికి పోతారు కాబోలు అనుకుని, తలుపు నేనే దగ్గరగా వేసుకుని వచ్చాను.

మాస్టారి చెప్పు కిర్రుమంటోంది, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు, ఆయన చెప్పు నా జ్ఞాపకశక్తి మీదే నడుస్తున్నట్టుంది. లిట్మస్ ఏ రంగు నుంచి ఏ రంగుకు. నీలం ఎర్రనవుతుందా, ఎరుపు నీలమవుతుందా, ఏది ఏం తగిలితే. మా పల్లెలో బడికి ఒకటే గది, ఒకడే పంతులు, ఆయన చేతిలో ఒకటే బెత్తం. ఆయన బెత్తం తగిలితే మేం ఎర్రనయ్యేవాళ్ళం, ఆయన నోరు కూడా పులుపే, కాబట్టి పులుపు తగిలితే నీలం ఎర్రనవుతుంది, రాసుకో. చదువు ఎక్కడి నుంచి ఎక్కడికి ఉపయోగపడుతుందో చెప్పలేం. ఆ బడిలో ఏటేటా పరీక్షల వేళకు గాలివాన వచ్చి కప్పు లేచిపోయేది. ఒక ఏడు కప్పుతోపాటు నల్లబల్ల కూడా లేచిపోయి పొరుగూరి చేలో పడితే, ఆ ఊరి రైతు దాని మీది ఎక్కం చదువుకుని పట్నంలో లెక్కలు చెప్పుకుని బతికాడని ప్రతీతి. కప్పు కట్టేసరికి ఎండాకాలం, ఎండాకాలం అయ్యేసరికి నేను ఒక మెకానిక్కు దగ్గర రెంచీలు అందించే పనిలో. ఇక దాచడమెందుకు, నేను ఏ పరీక్షలోనూ తప్పలేదన్నది అక్షరాలా నిజం, ఎందుకంటే ఏ పరీక్షకూ కూర్చోలేదు. ఇదే మొదటిది. నది దాటనివాడు మునగడు. మీరు ముందే పట్టేశారేమో, పట్టేస్తే మీకు ఒక మార్కు, పట్టలేదంటే నాకు రెండు.

పెద్ద ప్రశ్నకు వచ్చాను. గాఢ ఆమ్లమును విలీనము చేయునప్పుడు తీసుకొనవలసిన జాగ్రత్తలు వ్రాయుము. అబ్బ, ఇది ప్రశ్న. ఇందాకటి నుంచీ చుట్టాల ఇంట్లో అంచున కూర్చున్నట్టు కూర్చున్నవాణ్ణి, ఒక్కసారి నా కొట్లోకి వచ్చి నా కుర్చీలో వాలినట్టయింది. చెయ్యి దానంతటదే పరుగెత్తింది. ముందు జాడీలో మంచినీళ్ళు పోసుకోవాలి. ఆ మంచినీళ్ళలో నీళ్ళు సన్నటి ధారగా, కొంచెం కొంచెంగా, గాజు కడ్డీతో కలుపుతూ పొయ్యాలి. జాడీ వేడెక్కితే ఆగాలి, చల్లారాక మళ్ళీ పొయ్యాలి. అంతేగాని నీళ్ళలో మంచినీళ్ళు పొయ్యకూడదు, పోస్తే నీళ్ళు కుతకుతమని ఎగిరి మొహం మీద పడతాయి. నీళ్ళు ఒంటి మీద పడితే కంగారు పడకుండా వెంటనే మంచినీళ్ళతో బాగా కడగాలి. నీళ్ళ జాడీకి మూత ఉండాలి, నీళ్ళు తాగడానికి వాడే గిన్నెలు దాని దగ్గర పెట్టకూడదు. రాస్తుంటే యాసిడ్ వాసన ముక్కుకు తగిలింది, చెయ్యి మీద పాత మచ్చ దురద పెట్టింది. మా బావమరిది ఈ ప్రశ్నకు నాలుగు ముక్కలు బట్టీపట్టి రాసుంటాడు, వాడి మొహం మీద ఏ నీళ్ళూ ఎగరలేదు. కాగితం నిండిపోయింది, ఇంకొకటి అడిగి తీసుకున్నాను, ఇంకో కాగితం అడగడంలో ఎంత దర్జా ఉందో ఇంతకాలం తెలియక బతికాను, ముందు బెంచీల్లో తలలు నా వైపు తిరిగాయి. మీకు చెప్పలేదు కదూ, మా కొట్లో యాసిడ్‌ని యాసిడ్ అనం. కొట్టు పెట్టిన కొత్తలో ఇంటి యజమాని యాసిడ్ చుక్క తన గుమ్మం దాటకూడదన్నాడు, సరేనండీ అని ఆ రోజు నుంచి నీళ్ళన్నాం. నీళ్ళొచ్చాయా, నీళ్ళు దింపు, ఈ బ్యాటరీకి నీళ్ళు తక్కువయ్యాయి. ఆయన వింటూ ఎంత శుభ్రమైన వ్యాపారమో అని మురిసిపోయేవాడు. ఆయన పోయాడు, మాట మిగిలింది. తాగేవీ, పలచన చెయ్యడానికి వాడే స్వచ్ఛమైనవీ మాకు మంచినీళ్ళు. ఎండన పడి వచ్చిన కొత్త మనిషి ఎవరైనా కాసిని నీళ్ళివ్వండి అంటే కొట్లో పని ఆగిపోయేది. తాగడానికా అని అడిగేవాణ్ణి. కాక స్నానానికా అనేవాళ్ళు. రెండింటికీ పనికిరావండీ అని మంచినీళ్ళు ఇచ్చేవాణ్ణి.

అప్పుడు వెనక బెంచీ జరిగిన చప్పుడు. దర్జీ ఆవిడ లేచి నిలబడింది. దాహంగా ఉందంది. నా భుజం మీదుగా నా కాగితాల కట్ట వైపు ఆవిడ చూపు పడిందో లేదో నాకు తెలియదు, నా వీపుకు కళ్ళు లేవు. మాస్టారు కిర్రుమంటూ కదిలి, నీళ్ళు తెప్పిస్తానమ్మా, కూర్చోండి అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. గది మొత్తానికీ వినిపించేలా, ఒక్కొక్క అక్షరం విడదీసి అంది. "నాకు నీళ్ళొద్దు మాస్టారూ. మంచినీళ్ళు కావాలి. నీళ్ళు వేరు, మంచినీళ్ళు వేరు. పరీక్ష పెట్టేవాళ్ళకు ఆ తేడా తెలియదు." మాస్టారు చదువుకున్నవాడు గనక ఇందులో ఏదో శ్లేష ఉందనుకుని నవ్వాడు. నాకు మాత్రం కింద బెంచీ కదిలింది. నా కాగితం చూసుకున్నాను. నీళ్ళు నీళ్ళు నీళ్ళు. నీళ్ళు ఒంటి మీద పడితే మంచినీళ్ళతో కడగాలి. దీన్ని దిద్దేవాడు ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, పాపం ముసలాయన, తడిసినా భయమే అని జాలిపడి సున్నా చుడతాడు. లిట్మస్ కాగితాన్ని ఎర్రగా మార్చునది దగ్గర కూడా నీళ్ళు. పుల్లని రుచి కలిగినది, నీళ్ళు. ఆమ్లమని రాయాల్సిన ప్రతిచోటా నా చెయ్యి నా కొట్టు మాట రాసి కూర్చుంది, నేను సమాధానాలు రాయలేదు, కొట్లో కూర్చుని పని చేసుకున్నాను.

ఇంకో పావుగంట అని మాస్టారు చాటాడు. మొదట కోపమొచ్చింది. ఇన్నేళ్ళు నా చేతులు కాల్చిన వస్తువుకు పేరు పెట్టుకునే హక్కు నాకు లేదా, ఆమ్లమన్న మాట వాళ్ళ చేతి మీద ఎప్పుడైనా ఒలికిందా. మార్చనుపో అనుకుని కలం కింద పెట్టాను. కింద పెట్టిన మరుక్షణం బావమరిది కనపడ్డాడు, మా కొట్టు గుమ్మంలో, మెత్తగా, బావగారూ మీరు అంటూ. నేను మార్చకపోతే సున్నా, సున్నా వస్తే విలీనం, విలీనమైతే ఆ కొట్లో నీళ్ళు అనేవాడే ఉండడు, మాట కోసం పట్టు పట్టి ఆ మాట పలికే చోటునే పోగొట్టుకున్నవాణ్ణవుతాను. మొండితనం మంచిదే, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియాలి. కలం తీసుకున్నాను. నీళ్ళు కొట్టేసి ఆమ్లం, నీళ్ళు కొట్టేసి ఆమ్లం, కాగితం పొడుగునా పరుగు. తొందరలో ఒకచోట మంచినీళ్ళలోంచి కూడా నీళ్ళు కొట్టేశాను, ఒంటి మీద ఆమ్లం పడితే మంచి ఆమ్లంతో కడగాలి అని తయారైంది, చూసి నాకే చెమట పట్టింది, అది కూడా దిద్దాను. కాని ఒక్క గీతతోనే కొట్టేశాను, పాత మాట కింద నుంచి స్పష్టంగా కనపడేలా. చివర కొంచెం చోటు మిగిలితే ఇలా రాశాను. "పేపరు దిద్దే అయ్యకో అమ్మకో. నేను కొట్టేసిన మాట తప్పు కాదు, మా కొట్టు మాట. మార్కుల కోసం మీ మాట రాశాను. మీరెప్పుడైనా మా కొట్టుకు వచ్చి దాహమైతే, మార్కుల సంగతి మరిచిపోయి, మంచినీళ్ళని అడగండి." సంతకం కూడా పెట్టబోతే పేరు రాయకూడదన్న నియమం గుర్తొచ్చి ఆగాను. గంట కొట్టారు. మాస్టారు నా కాగితాలు అందుకుంటూ బాగా రాశారా తాతగారూ అన్నాడు. దిద్దేవాడు బాగా చదివితే బాగా రాసినట్టే అన్నాను.

ఇక మీకు ఒకటి చెప్పాలి. లారీ ఇంటికి వెళ్ళిపోవడం, నల్లబల్ల ఎగిరిపోవడం, వీటిని కల్పన అనుకుంటున్నారేమో, వాటి జోలికి పోకండి, అవి నేను పదిమందికి చెప్పి చెప్పి ఈపాటికి నిజమైపోయాయి. ఈ కథలో నేను కావాలని కల్పించింది ఒక్కటే. వెనక బెంచీలో దర్జీ ఆవిడ ఎవరూ లేరు. నీళ్ళకూ మంచినీళ్ళకూ తేడా ఊళ్ళోని దర్జీకి ఎలా తెలుస్తుందని మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కడ కూర్చున్నది మా ఆవిడ. ఎప్పుడు దరఖాస్తు పెట్టిందో, ఎప్పుడు ఫొటో దిగిందో, నన్ను ప్రశ్నలడుగుతూ తనెప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు, గుమ్మంలోంచి లోపల ఆవిణ్ణి చూసి నేను ఆగిపోతే, తను ఫొటో చూస్తున్నందుకు ఆగానని మాస్టారు అనుకున్నాడు. కొట్లో రోజూ కూర్చునేవాళ్ళలో ఒకరు అని ఉంది రూలులో, మొగవాడని లేదు, ఆవిడ కూర్చున్నన్ని రోజులు నేనూ కూర్చోలేదు. ఇద్దరిలో ఎవరు గట్టెక్కినా మా బోర్డు దిగదు. మీ నోట్లో నువ్వుగింజ నానుతుందో లేదో నాకు తెలియదు గాని, ఫలితాలు వచ్చేదాకా మా బావమరిది అడిగితే మాత్రం, ఆవిడ దర్జీయే.